నట్టింట్లో నాటకం... మారేడుమిల్లిలోనైనా సరే!

"నాటకం చూసి ఎన్నాళ్ళయిందండీ?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? సినిమా కాదు, సీరియల్ కాదు. తెర లేచి, హార్మోనియం మోగి, కిరీటం పెట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి రాగం తీసే అసలు సిసలు నాటకం! మనలో చాలామంది "మా అమ్మమ్మగారి ఊళ్ళో, శ్రీరామనవమి పందిట్లో..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, బదిలీలు. నాటకం మాత్రం ఆ పందిట్లోనే ఉండిపోయింది.

నా సంగతీ అంతే. పైగా మావారి ఉద్యోగం మమ్మల్ని తీసుకెళ్ళి మారేడుమిల్లిలో పెట్టింది. మీలో చాలామందికి మారేడుమిల్లి అంటే బొంగు చికెన్, జలతరంగిణి జలపాతం, గుడిస కొండ మీద మంచు. నిజమే, రెండు రోజులకి వెళ్ళి చూసొచ్చేవాళ్ళకి స్వర్గమే. అక్కడే కాపురముండే ఇల్లాలికి మాత్రం సాయంత్రం ఆరయ్యేసరికి కొండల నీడ పెరట్లోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత వినిపించేది కీచురాళ్ళ కచేరీ ఒక్కటే!

నాటకం చూడాలంటే రాజమండ్రి వెళ్ళాలి. అన్నట్టు రాజమండ్రి మామూలు ఊరా? 1880లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన శిష్యుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించింది అక్కడే. తెలుగువాళ్ళ ఆధునిక నాటకానికి పుట్టిల్లు అన్నమాట. ఇప్పటికీ ఆనం కళాకేంద్రంలో నాటకాలు, నృత్యాలు జరుగుతూనే ఉంటాయి. కానీ మారేడుమిల్లి నుంచి రాజమండ్రి సుమారు 85 కిలోమీటర్లు. రంపచోడవరం, గోకవరం మీదుగా వెళ్ళాలి. నాటకం అయ్యేసరికి రాత్రి పదో పదకొండో! అప్పుడు వెనక్కి ఎలా వస్తాం? బంధువులింట్లో మకాం, పిల్లల స్కూలు, తెల్లారి మావారి క్యారేజీ... ఇవన్నీ లెక్కేసుకునేసరికి నాటకం మీద మోజు దానంతట అదే చల్లారిపోతుంది.

అలాంటిది 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పట్నం ఆడవాళ్ళని కూడా నాలాగే ఇంట్లో కూర్చోబెట్టేసింది. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు ఫోన్ చేసి "ఇప్పుడు నువ్వూ నేనూ ఒకటేనక్కా" అంది. ఆ మాటలో కొంత నిజముంది. థియేటర్లకి తాళాలు పడ్డాక కళాకారులే మన ఇళ్ళకి బయల్దేరారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఆపెరా వాళ్ళు మార్చి 16 నుంచి రోజుకో పాత ప్రదర్శన ఉచితంగా చూపించారు. లండన్ నేషనల్ థియేటర్ వాళ్ళు ఏప్రిల్ 2 నుంచి గురువారం గురువారం ఒక నాటకం యూట్యూబ్‌లో పెట్టారు. ఆ డిసెంబరులో మద్రాసు సభలు చాలా కలిసి మార్గళి కచేరీలని టికెట్టు పెట్టి ఇంటర్నెట్‌లోనే జరిపాయి. మైలాపూరులో ముందు వరసలో కూర్చునే మామీలూ, మారేడుమిల్లిలో చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటున్న నేనూ ఒకే కచేరీ విన్నామంటే చూడండి మరి!

ఇదేదో కొత్త వింత అనుకోకండి. ఇంట్లో కూర్చుని కచేరీ వినాలన్న ఆశ చాలా పాతది. 1881లో పారిస్ ప్రదర్శనలో క్లెమాఁ ఆదేర్ అనే ఇంజనీరు ఆపెరా హాల్లో స్టేజి ముందు మైకులు పెట్టి, టెలిఫోను తీగల మీదుగా ఆ పాటని దూరంగా ఉన్న గదిలోకి తెచ్చాడు. చెవికొకటి చొప్పున రెండు గొట్టాలు పెట్టుకుని జనం వరసకట్టి విన్నారట. ఇప్పుడు మన పిల్లలు చెవుల్లో పెట్టుకు తిరిగేవాటికి తాతమ్మలు ఆ గొట్టాలు!

మనకి మాత్రం నాటకాన్ని ఇంట్లోకి తెచ్చింది ముందు గ్రామఫోను, తర్వాత రేడియో. స్థానం నరసింహారావుగారి సత్యభామని కళ్ళతో చూడనివాళ్ళు కూడా రికార్డుల మీద ఆయన పాట విన్నారు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక ఇక చెప్పేదేముంది! రేడియో నాటకం వచ్చే వేళకి వంటిల్లు సర్దేసి, గుమ్మానికి ఆనుకుని కూర్చునే అమ్మలు మీకు గుర్తున్నారా? ఉషశ్రీగారి గొంతులో భద్రాద్రి రాముడి కల్యాణం విన్న వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మారేడుమిల్లి నుంచి ఘాట్ దిగి చింతూరు మీదుగా వెళితే వచ్చేది ఆ భద్రాచలమే. అయినా మా పక్కింటి పిన్నిగారు ఏ ఏడూ వెళ్ళలేదు. "చిన్నప్పట్నించీ రేడియోలోనే చూస్తున్నానమ్మా" అనేవారు. గమనించారా? విన్నాననలేదు, చూస్తున్నానన్నారు!

ఏం చూడొచ్చు?

అసలు విషయానికొద్దాం. ఫోనుంది, ఇంటర్నెట్టుంది. చూడ్డానికి ఏముంది?

నన్నడిగితే మొట్టమొదట వేదాంతం సత్యనారాయణశర్మగారి భామాకలాపం వెతకండి. ఆయన 2012లో కన్నుమూశారు. ఇక ఏ హాలుకి టికెట్టు కొన్నా ఆయన కనిపించరు. పాత రికార్డింగుల్లోనే చూడాలి. బొమ్మ అంత స్పష్టంగా ఉండదు, ఫర్వాలేదు. తెర మీదుగా సత్యభామ జడ వేసే ఘట్టం వస్తుంది చూడండి... నాతో సాటి వచ్చేవాళ్ళుంటే రండి అని సవాలు చెయ్యడమది. ఆ నడక, ఆ ఓరచూపు, ఆ అలక! మగవాడు ఆడవేషం వేశాడన్న సంగతే మర్చిపోతాం. మా పిన్నిగారైతే "నాకంటే బాగా అలుగుతున్నాడే" అని ముక్కు మీద వేలేసుకున్నారు.

తర్వాత సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన కుటుంబ నాటకం అది. తాత నుంచి మనవడి దాకా అందరూ నటులే. ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యడం అన్నది ఆ రోజుల్లో ఎంత సాహసమో ఆలోచించండి. చంకలో పిల్లతో వచ్చి, ఆ పిల్లని తెర వెనక ఎవరికో అందించి, సీతగానో ద్రౌపదిగానో స్టేజి ఎక్కిన తల్లులున్న సమాజమది. 'మాయాబజార్'లో మాయలు, గాల్లో ఎగిరే పాత్రలు, ఒకదాన్నొకటి ఢీకొనే బాణాలు... అవన్నీ కంప్యూటర్లతో కాదు, తాళ్ళు, కప్పీలు, చేతి ఒడుపు! సురభి బాబ్జీగా పేరుపడ్డ రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయనా వెళ్ళిపోయారు. ఒక చిన్న మాట. సురభిని ఫోనులో చూసి "చూసేశాం" అనుకోకండి. ఆ మాయలు కళ్ళెదుట జరిగితేనే మాయలు. ఫోనులో అన్నీ మాయలే కనక ఏదీ మాయ అనిపించదు. అవకాశం దొరికిన రోజున పిల్లల్ని తీసుకెళ్ళి టికెట్టు కొని చూపించండి.

పద్యనాటకాలు మాత్రం ఇంట్లో చూడ్డానికి భలే అనువైనవి. డి.వి.సుబ్బారావుగారి హరిశ్చంద్ర, షణ్ముఖి ఆంజనేయరాజుగారి, పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణ పాత్రలు, నాజర్‌గారి బుర్రకథ... పేరు కొడితే ఏదో ఒక రికార్డు దొరుకుతుంది. పరిషత్తుల పోటీలని కొన్ని ఊళ్ళవాళ్ళు నేరుగా లైవ్ ఇస్తున్నారు. ఆకాశవాణి కేంద్రాల కార్యక్రమాలు 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో వస్తాయి. 2024 నవంబరులో ప్రసార భారతి వాళ్ళు 'వేవ్స్' అని మరొకటి మొదలుపెట్టారు. తిరుమల కొండ మీద నాదనీరాజనం ఎస్వీబీసీలో ఎలాగూ ఉంది. ఆ ఛానల్ 2008 నుంచీ నడుస్తోంది.

ఇక పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారు త్యాగరాజ ఆరాధన. మీలో పెళ్ళికి ముందు వర్ణాల దాకా నేర్చుకుని, ఆ తర్వాత జోలపాటలకే పరిమితమైన వాళ్ళు ఎంతమంది లేరు! ఆ రోజు పంచరత్నాలు లైవ్‌లో వస్తాయి. పుస్తకం ముందు పెట్టుకుని వాళ్ళతో పాటు పాడండి. తప్పుపోతే ఎవరూ వినరు. ఆ సమాధి దగ్గర ఒకప్పుడు ఆడవాళ్ళని పాడనిచ్చేవారు కాదు. తన సొమ్ము ఖర్చుపెట్టి అక్కడ గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు పట్టుబట్టి ఆ పద్ధతి మార్చారు. 1926లో గుడి పూర్తయ్యాక కూడా ఆడవాళ్ళకి అందరితో కలిసి పాడే హక్కు కోసం ఆవిడ ఏళ్ళ తరబడి పోరాడాల్సి వచ్చింది. ఈ సంగతి తెలిశాక నేను మా వంటింట్లో కాస్త గొంతెత్తే పాడుతున్నాను!

కాటి సీనులో కరెంటు!

సరే, ఇదంతా వినడానికి బాగానే ఉంది. నా అనుభవం కూడా చెబుతాను, మీరు జాగ్రత్త పడొచ్చు.

ఒక ఆదివారం రాత్రి కోస్తాలో ఏదో ఊరి పరిషత్తు నుంచి 'సత్య హరిశ్చంద్ర' లైవ్ అని తెలిసింది. వారం ముందే పక్కింటి పిన్నిగారికి, ఎదురింటి టీచరుగారికి చెప్పాను. ఫోను టీవీకి కలిపాం. చాపలు పరిచాం. వారణాసి సీను అయింది. నక్షత్రకుడు ఏడిపించాడు, నవ్వించాడు. కాటి సీను మొదలైంది. హరిశ్చంద్రుడు కర్ర భుజాన వేసుకుని రాగం అందుకున్నాడో లేదో... టప్పున కరెంటు పోయింది! కొండల మీద వాన మొదలైంది మరి. ఫోనులో చూద్దామంటే సిగ్నల్ గుడుగుడు గుండ్రంగా తిరుగుతోంది. చీకట్లో ముగ్గురం కూర్చున్నాం. అప్పుడు పిన్నిగారు మెల్లగా తనకి గుర్తున్న కాటి సీను పద్యం మొదలుపెట్టారు. పూర్తిగా రాలేదు. మధ్యలో టీచరుగారు అందించారు. కరెంటు ఎప్పుడొచ్చిందో కూడా ఎవరం చూసుకోలేదు!

అయినా ప్రతిసారీ అలా కలిసిరాదుగా. అందుకని కొన్ని సంగతులు.

డేటా లెక్క ముందు తెలుసుకోండి. వీడియో కింద నాణ్యత అంకెలుంటాయి. 360 పెట్టుకుంటే గంటకి సుమారు 300 నుంచి 400 ఎం.బి. అవుతుంది. 720 పెడితే ఒక జీబీ దాటిపోతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాకేజీ ఉన్నవాళ్ళు మూడు గంటల నాటకాన్ని 360లో హాయిగా చూడొచ్చు. పద్యనాటకానికి అది చాలు, చెవులు ముఖ్యం. కచేరీ అయితే వట్టి ఆడియో పెట్టుకోండి, గంటకి 60 ఎం.బి. లోపే. సిగ్నల్ సరిగా లేని ఊళ్ళవాళ్ళు లైవ్ కోసం కొట్టుకుపోకండి. యూట్యూబ్‌లో చాలా వీడియోల కింద డౌన్‌లోడ్ గుర్తుంటుంది. మావారు రంపచోడవరం మీటింగుకి వెళ్ళినప్పుడల్లా నా ఫోను కూడా పట్టుకెళ్ళేవారు. కూరగాయల చీటీలో "వంకాయలు కిలో, పచ్చిమిర్చి పావు, భామాకలాపం రెండో భాగం" అని రాసిచ్చేదాన్ని!

టీవీ కొత్తదైతే ఫోను బొమ్మ తీగ లేకుండానే టీవీలో వస్తుంది. పాతదైతే హెచ్‌డీఎంఐ తీగ కావాలి. ఆ తీగ మీ ఫోనుకి పనిచేస్తుందో లేదో షాపులోనే పెట్టి చూసుకుని కొనండి. అన్ని ఫోన్లకీ పనిచెయ్యదు. టీవీ గొంతు పీలగా ఉంటే చిన్న స్పీకరు పెట్టండి. హార్మోనియం శ్రుతి సరిగా వినబడకపోతే పద్యం ఉప్పులేని పప్పే.

డబ్బు కట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కి ఒక నృత్యనాటిక టికెట్టుకి నేను 300 రూపాయలు కట్టాను. ఆ రాత్రి ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా నల్లటి తెర చూస్తూ కూర్చున్నాను. అక్కడ నాటికా లేదు, టికెట్టూ లేదు. అప్పట్నించీ ఆ సమాజం సొంత పేజీలోకి నేనే వెళ్ళి, ప్రకటన చూసుకుని, అక్కడున్న చోటే కడుతున్నాను. డబ్బు మనకి రావాలంటే పిన్ నంబరు కొట్టక్కర్లేదని కూడా గుర్తుంచుకోండి. కొట్టమన్నారంటే మీ డబ్బు పోయే దారే.

అలాగని అసలు కట్టడమే మానేస్తే? ఇక్కడ కాస్త ఆగి ఆలోచిద్దాం. లాక్‌డౌన్‌లో సురభి కుటుంబాలు పనిలేక ఎంత ఇబ్బందిపడ్డాయో పేపర్లలో చదివాం. అయ్యో అనుకున్నాం. అదే రోజుల్లో వాళ్ళ పాత నాటకాలు ఉచితంగా చూశాం కూడా! పూర్వం పల్లెటూళ్ళో నాటకం మధ్యలో చదివింపులుండేవి, గుర్తుందా? పద్యం నచ్చితే "వన్స్ మోర్" అని ఈలలేసి, స్టేజి మీదకి రూపాయి నోటు పంపిస్తే, నటుడు పాత్రలోంచి బయటికొచ్చి "ఫలానా వారి భార్యగారు" అని పేరు చదివి, దణ్ణం పెట్టి మళ్ళీ హరిశ్చంద్రుడైపోయేవాడు. ఇప్పుడు కొన్ని సమాజాలవాళ్ళు తెర కింద క్యూఆర్ గళ్ళ బొమ్మ పెడుతున్నారు. అదీ చదివింపే. నెలకి ఒక సినిమా టికెట్టు ఖరీదు తీసి పోపుల డబ్బాలో "నాటకం డబ్బులు" అని వేరే పెట్టుకోండి. నేను యాభై కట్టినా ఊరుకోను, కింద నా పూర్తి పేరు రాస్తాను. "ఫలానా వారి భార్యగారు" అని మాత్రం రాయను!

ఇంకో పెద్ద చిక్కుంది. అది సిగ్నల్‌ది కాదు, ఇంట్లోవాళ్ళది. హాల్లో కూర్చుంటే మనల్ని ఎవరూ కాఫీ అడగరు. ఇంట్లో కూర్చుంటే తెర లేచిన ఐదో నిమిషానికే అడుగుతారు. నేను చేసిందేమిటంటే, నోము పట్టినట్టు ముందే ప్రకటించేదాన్ని. "ఆదివారం ఏడు నుంచి పది దాకా అమ్మ ఊళ్ళో లేదు" అని. పులిహోర, పెరుగన్నం కలిపి మూతపెట్టేదాన్ని. చలికాలమైతే ఫ్లాస్కులో మిరియాల పాలు. మారేడుమిల్లి చుట్టుపక్కల కాఫీ తోటల్లో చెట్లకి మిరియం తీగలు పాకిస్తారు, ఆ ఘాటే వేరు. పనస రోజుల్లో గింజలు దాచి, ఎండబెట్టి, నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం చల్లి పళ్ళెంలో పెడితే నాటకంలో నమలడానికి దానంత మంచిది లేదు. చప్పుడు కాదు, చేతికి జిడ్డూ అంటదు. బొంగు చికెన్ జోలికి మాత్రం ఆ రోజు పోకండి. నిప్పుల దగ్గర బొంగులు తిప్పుతూ ఒకరు కాపలా ఉండాలి. ఆ ఒకరూ ఎవరో మీకు తెలియంది కాదు!

"ఇది మాది కాదమ్మా"

మా ఇంటికి కొండచీపుర్లు, చింతపండు తెచ్చే ఒక కొండరెడ్డి అక్క ఉండేది. ఒకరోజు అలా కూర్చుని మంచినీళ్ళు తాగుతుంటే ఫోనులో ఒక వీడియో చూపించాను. 'మారేడుమిల్లి గిరిజన నృత్యం' అని పేరు. లక్షల మంది చూశారని కింద అంకె. అక్క రెండు నిమిషాలు చూసి నవ్వింది. "ఇది మాది కాదమ్మా. ఇది దిమ్సా, అరకు వైపుది" అంది. కొమ్ములు కట్టుకున్న మరో వీడియో పెడితే "వీళ్ళు కోయోళ్ళు. మాది వేరు" అంది. నాకు సిగ్గేసింది. రెండేళ్ళుగా అక్కడే ఉంటూ అన్నిటినీ కలిపి గిరిజన నృత్యం అనుకుంటున్నది నేనే.

అప్పట్నించీ వెతికే తీరు మార్చాను. కోయవాళ్ళ కొమ్ము నృత్యంలో మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు తలకి కట్టుకుని పెద్ద డోళ్ళు వాయిస్తారు, ఆడవాళ్ళు చేతులు కలిపి వలయంగా అడుగేస్తారు. రేల పాటలో ఒకరు అందిస్తే మిగతావాళ్ళు అందుకుంటారు. గోదావరికి అవతల మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారని డోలు కళాకారుడుండేవారు. సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు డోలు మీద పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. ఆయన పాటలు ఎవరో రికార్డు చేసిపెట్టబట్టి కదా, మనం ఇవాళ వినగలుగుతున్నాం! అందుకని ఫోను మంచిదా చెడ్డదా అంటే నేను ఒక్క మాటలో చెప్పలేను. సెలవులకి కొండ మీదకొచ్చి, ఎవరినీ అడక్కుండా ఫోను పైకెత్తి, పేరు కూడా తప్పు రాసి పెట్టేవాళ్ళనీ చూశాను. మీరు వెళ్ళినప్పుడు తియ్యాలనిపిస్తే ముందు అడగండి. ఏ ఊరు, ఎవరి ఆట, ఏ పండగ అన్నది రాయండి. వాళ్ళని పిలిపించి ఆడించుకుంటే, మాట్లాడుకున్న డబ్బు చేతికివ్వండి.

ఆ అక్కని ఒకసారి అడిగాను, "మీ ఆట కూడా ఫోనులో పెడితే అందరూ చూస్తారు కదక్కా?" అని. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "చూడ్డానికేముందమ్మా? మా దాంట్లో చూసేవోళ్ళు ఉండరు. అందరూ ఆడేవోళ్ళే" అంది. మామిడి పండగ దాకా వాళ్ళు కొత్త మామిడికాయ నోట పెట్టరు. ఆ పండక్కి రమ్మని పిలిచింది కూడా. పిన్నిగారిని, టీచరుగారిని తోడు తీసుకుని వెళ్ళాను. ముగ్గురం ఒక చెట్టు కింద నిలబడి చూస్తుంటే, అక్క వచ్చి నా చేతిలో ఫోను తీసి చింతపండు బుట్టలో పెట్టి, నన్ను వరసలోకి లాగింది. అడుగు తప్పుతూనే ఉంది. నా వెనకాల పిన్నిగారు మాత్రం, డెబ్భై ఏళ్ళ మనిషి, నాలుగో చుట్టుకల్లా అడుగు పట్టేశారు!